సర్దిన పట్టీలు

జనగామ,
14 జూన్ 1969

ప్రియమైన తమ్ముడు సంజీవకు,

నిన్ను స్టేషన్‌లో పట్టాల మీద నుంచి లేపి లారీ ఎక్కించి నేటికి పదకొండు రోజులు. వరంగల్లు జైలుకు పంపారని మీ బావ నిన్ననే కనుక్కొని వచ్చారు. ఈ ఉత్తరం నీ చేతికి ఇస్తారో, చింపి పారేస్తారో తెలియదు. అయినా రాస్తున్నాను.

బాపుకు కబురు పంపాము. దంతాలపల్లి నుంచి వచ్చి, "పట్టాల మీద కూసుంటే రాష్ట్రమొస్తదా" అని ఒక్క మాట అని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అది కోపం కాదు, భయం. మీ బడులు తెరిచేదాకా డ్రాయింగు మాస్టరు ఉద్యోగం పోదని మీ బావ అంటున్నారు. కాబట్టి ఆ దిగులు వద్దు. వేళకు తిను.

నీ సామాను గురించి కూడా దిగులు పెట్టుకోకు. నువ్వూ, మోటర్లు బాగు చేసే దేవ్యా కలిసి మా వెనక వసారాలో పరిచి పోయిన బొమ్మల యంత్రం భద్రంగా ఉన్నది. మొన్న గాలివానకు జల్లు లోపలిదాకా కొట్టింది. దేవ్యా తండాకు పోయి ఉన్నాడు, అతడు వచ్చేదాకా ఆగితే అన్నీ తడిసిపోయేవి. నేనే లోపలికి చేర్చాను. బతుకమ్మ ఆడే తొమ్మిది ఆడబొమ్మలకూ ఒక్కొక్కదానికి పాత గుడ్డ చుట్టి సందూకలో పడుకోబెట్టాను. రంగు ఎక్కడా రాలలేదు. కుట్టుమిషను తొక్కుడు, గొలుసు, చక్రాలు గోనెసంచి కప్పి మూలకు పెట్టాను.

ఇక నేల మీద పరిచిన ఆ కర్ర పట్టీలు. నూట ఎనభై ఉన్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను. వాటి మీద అన్నీ సుద్ద గీతలు, చేతి మరకలు. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఆరబెట్టాను. ఒక పట్టీకి ఒక మేకు, ఇంకొక దానికి అయిదు, మరొక దానికి అసలే లేవు. ఇట్లా కలిసిపోయి ఉంటే మీరు వెతుక్కోలేరని, మేకులు లేనివి ముందు, ఒక మేకువి తర్వాత, అట్లా తొమ్మిది మేకులవి చివర వచ్చేటట్టు వేరు చేసి, పన్నెండేసి చొప్పున పదిహేను కట్టలు కట్టాను. ప్రతి కట్ట మీదా అంకె రాసిన కాగితం అంటించాను. వచ్చి చూస్తే అక్క పనితనం మెచ్చుకుంటావు.

నీ రాక కోసం చూస్తూ,
అక్క అరుంధతి


దంతాలపల్లి,
30 అక్టోబరు 1969

ప్రేమ గల అక్కకు,

దసరానాడు బొమ్మల ఆట చెడిపోయి ఆగాక, పంచాయితీ తేలకముందే నువ్వు బండెక్కి జనగామ పోయావు. తల నొప్పి అన్నావట. తగ్గిందా? జరిగిందంతా నీకు తెలియాలని రాస్తున్నాను.

వరంగల్లు నుంచి వచ్చిన ఆ చేతిపనుల ఆఫీసరు కాగితాలు సంచీలో పెట్టుకొని జీపెక్కాడు. అది బాపుకు పెద్ద అవమానమైంది. ఊరంతా చూస్తుండగా ఆయన కొడుకు యంత్రం నవ్వులపాలైంది కదా. బడి వసారాలోనే పంచాయితీ కూర్చోబెట్టాడు. పట్టీలు ఎవరు ఎక్కించారని అడిగితే దేవ్యానే ఎక్కించాడని చెప్పాను. అది నిజమే కదా, అక్కా. ఆ పొద్దున అతడే ఎక్కించాడు. నేను బొమ్మలకు తాళ్ళు కడుతున్నాను.

"తండోనికి ఇంజన్లు ఇచ్చినం, మంచిగనే ఉన్నది. బొమ్మలు ఎందుకు ఇచ్చినవ్ రా?" అని బాపు నన్ను అడిగాడు. కావాలని చెడగొట్టాడని తీర్మానం చేశారు. ఊళ్ళో ఎవరూ అతనికి మోటరు బాగు చెయ్యడానికి ఇవ్వకూడదన్నారు. పనిముట్ల పెట్టె మన ఇంట్లో పెట్టించారు. దేవ్యా కింద కూర్చొని తెగిన తాళ్ళు ఏరుతూనే ఉన్నాడు. అతని తండ్రి ధర్మా మాత్రం మెట్ల కింద నిలబడి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మూడో రోజు దేవ్యా, అతని భార్య సోమ్లీ తండా విడిచి పోయారు. ఎటు పోయారో తెలియదు.

నేను బాగానే ఉన్నాను.

తమ్ముడు సంజీవ


జనగామ,
11 నవంబరు 1969

ప్రియమైన సంజీవకు,

నీ ఉత్తరం చేరింది. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. పండుగ బూజులు దులపడం మిగిలిపోయింది, అందుకని.

దేవ్యా కావాలని చేశాడని నువ్వు నిజంగా అనుకుంటున్నావా? అతడు నా ఇంట్లో మూడు నెలలు పనిచేశాడు. ఒక మేకు వంకరగా దిగితే దాన్ని తీసి, రంధ్రం పూడ్చి, మళ్ళీ దించిన మనిషి. పెట్టె తిరిగి ఇమ్మని బాపుతో నువ్వు చెప్పరాదా. నేను చెబితే ఆడవాళ్ళకు ఎందుకంటాడు.

ఇంకొక మాట. జూన్‌లో జైలుకు నీకు ఒక ఉత్తరం రాశాను. అందిందా? అందులో పెద్ద సంగతులేమీ లేవు. ఊరికే అడుగుతున్నాను.

నీ అక్క


మానుకోట,
3 మార్చి 1971

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

ఏడాదిపైన నీకు ఉత్తరం రాయలేదు, తప్పు నాదే. నువ్వు రాసిన నాలుగింటికీ కలిపి ఒకటే జవాబు. బడి ఉద్యోగం మానుకోటకు మారింది. స్టేషను దగ్గర గది. బండి వచ్చినప్పుడల్లా గోడకు తగిలించిన బొమ్మలు ఊగుతాయి.

మంచి వార్త. యంత్రం నడిచింది. పట్టీలన్నీ విప్పి, తొమ్మిది మంది ఆడవాళ్ళ ఆటను ఒక్కొక్క అడుగూ కాగితం మీద గీసుకొని, మళ్ళీ వరుసగా పేర్చాను. ఈసారి సుద్ద కాదు, నూనె రంగుతో అంకెలు వేశాను. తొక్కుడు తొక్కితే పట్టీ మీది ఒక్కొక్క మేకు ఒక్కొక్క బొమ్మ తాడు లాగుతుంది, ఒకతె వంగి చప్పట్లు కొట్టి లేస్తుంది, పక్కామె వంగుతుంది, గాలికి వరిచేను కదిలినట్టు వరస మొత్తం తిరుగుతుంది. అదే ఆఫీసరు మళ్ళీ వచ్చి చూశాడు. వచ్చే నెల హైదరాబాదులో ప్రదర్శనకు పెడుతున్నారు.

జైలుకు రాసిన ఉత్తరం గురించి ప్రతిసారీ అడుగుతున్నావు. జైలులో నాకు ఏ ఉత్తరమూ అందలేదు. నిశ్చింతగా ఉండు.

బావకు నమస్కారాలు చెప్పు.

సంజీవ


జనగామ,
20 మే 1971

ప్రియమైన తమ్ముడికి,

పేపరులో నీ ఫోటో చూశాము. మీ బావ ఆఫీసుకు తీసుకుపోయి అందరికీ చూపించారు. బొమ్మల పక్కన నువ్వు కూడా కొంచెం బొమ్మలాగే నిలబడ్డావు.

ఫోటో కింద రాసింది మాత్రం నాలుగుసార్లు చదివాను. కొడకండ్ల మగ్గం మీద చీర అంచుకు పువ్వు ఎట్లా ఎక్కుతుందో చూసి, ఆ మేకుల పట్టీలతోనే బొమ్మలను ఆడించాలన్న ఆలోచన నీకు వచ్చిందని ఉన్నది. సంజీవా, ఆ మాట నా వంటింటి గడప బయట కూర్చొని జొన్నరొట్టె తింటూ దేవ్యా చెప్పింది కదా. అక్కడి నేతపని ఎల్లయ్య మగ్గం బాగుచెయ్యడానికి పోయి చూసింది అతడు. "సంజీవన్నా, పువ్వు అంచుల లేదే, గీ కర్రలల్ల ఉన్నది. పోగుకు బదులు బొమ్మ చెయ్యి కడితే ఏమైతది" అన్నాడు. నువ్వు రొట్టె వదిలేసి లేచావు. పేపరువాళ్ళు తప్పు రాసి ఉంటారు. ఒక కార్డు రాసి సరిచేయించు.

సోమ్లీ మా ఇంటికి వచ్చింది. చెరువు మట్టి పనికి మనుషులను తీసుకుపోతుంటే ఇక్కడ బండి దిగి, దారి అడుక్కుంటూ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. "అక్కా, పెట్టె ఇప్పియ్యున్రి. పనిముట్లు లేక మావోడు గంప మోస్తున్నడు. వాడు చెడగొట్టలే. గా బొమ్మలల్ల ఒకదానికి చెయ్యి ఇరిగిన నాడు వాడు బువ్వ తినలే" అన్నది.

బియ్యం పెట్టాను. చీర ఇచ్చాను. చీర తీసుకోలేదు. పెట్టె సంగతి బాపుతో మాట్లాడతానని చెప్పి పంపాను. ఇప్పుడు ఆ మాట నీకు చెబుతున్నాను. నువ్వైనా మాట్లాడు.

అక్క


భూపాలపల్లి,
9 ఆగస్టు 1983

అక్కా,

నువ్వూ నేనూ పెళ్ళిళ్ళలో, బాపు చావులో కలుసుకున్నాము కాని ఉత్తరాలు రాసుకోక చాలా ఏళ్ళైంది. ఇవాళ నీకు తప్ప ఎవరికీ రాయలేని సంగతి.

ఇక్కడ నా పని నీకు తెలుసు. బొగ్గు కోసం నేలకు బోర్లు వేస్తారు. ఎన్ని అడుగుల లోతున ఏ రాయి ఉన్నదో చెబితే నేను పటం గీసి రంగులు వేస్తాను. ఇసుకరాయికి పసుపు, బొగ్గుకు నలుపు. బడి కంటే జీతం మంచిదని వచ్చాను. బొమ్మ చెక్కి పదేళ్ళు దాటింది.

నిన్న ఆఫీసు జీపు టేకుమట్లలో ఆగిపోయింది. డ్రైవరు, "ఇక్కడ ఒకాయన ఉన్నడు సార్, చెవి పెట్టి వింటే రోగం చెప్తడు" అని పిలుచుకొచ్చాడు. దేవ్యా. జుట్టు నెరిసింది. ఎడమ చేతి రెండు వేళ్ళు సగానికి లేవు. బానెట్ మీద వంగి చెవి పెట్టి వింటున్నాడు. నేను దిగి ఇసుక లారీ వెనక్కు పోయి నిలబడ్డాను. అరగంట. అతడు డబ్బులు తీసుకొని పోయేదాకా అట్లాగే ఉన్నాను. నలభై మూడేళ్ళ మనిషిని, అక్కా.

ఆ పక్కన రేకుల షెడ్డు అతనిదేనట. పంపుసెట్లు బాగు చేస్తాడట. తీరిక వేళల్లో ఏమన్నా బొమ్మలు, యంత్రాలు చేస్తాడా అని డ్రైవర్ను అడిగాను. అటువంటివేమీ లేవన్నాడు.

ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఏమీ చెయ్యకపోయినా ఏమీ కాదు కూడా. కాని నీకు రాయాలనిపించింది.

సంజీవ


జనగామ,
17 ఆగస్టు 1983

ప్రియమైన సంజీవా,

ఇది చదివిన తర్వాత నన్ను అక్కా అని పిలవాలో వద్దో నువ్వే చూసుకో.

యంత్రాన్ని చెడగొట్టింది నేను.

నువ్వు జైలులో ఉన్నప్పుడు వానకు తడుస్తాయని పట్టీలు లోపలికి తెచ్చాను. తెచ్చి ఊరుకుంటే సరిపోయేది. సుద్దతో వేసిన గుర్తులు మురికి అనుకొని తుడిచాను. మేకుల లెక్క చూసి ఒకే రకంవి ఒక చోట పెట్టాను. మీరు నేల మీద పరిచిన ఆ వరుసే బతుకమ్మ ఆట అని నాకు తెలియలేదు. నా కళ్ళకు అది పిల్లలు చల్లిపోయిన గింజలలాగ కనిపించింది. పప్పులు, దినుసులు డబ్బాల్లో పోసినట్టు పోశాను. పైగా ఒకటి నుంచి పదిహేను దాకా కాగితాలు అంటించాను. ఆ కట్టలే దసరాకు దంతాలపల్లి చేరాయి. ఆ కాగితాల మీది అంకెలు చూసే దేవ్యా ఎక్కించి ఉంటాడు. నువ్వు దసరాకు నాలుగు రోజుల ముందు విడుదలై వచ్చావు, చూసుకోవడానికి నీకు సమయం ఎక్కడిది.

బడి వసారాలో నేను ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. నువ్వు తొక్కడం మొదలుపెట్టావు. బొమ్మలు కదలలేదు. గొలుసు తిరుగుతున్నది, పట్టీలు పోతున్నాయి, తొమ్మిది మంది కర్రల్లాగ నిలబడి ఉన్నారు. నా పక్కన ఎవరో, "నిద్ర లేవలేదేమో" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఒకతె వంగింది. ఆగి ఇంకొకతె. తర్వాత ఇద్దరిద్దరు. ముందు ఖాళీవి, తర్వాత ఒక మేకువి, తర్వాత రెండు మేకులవి. అప్పుడు అర్థమైంది. మూడు రాబోతున్నాయని నాకు తెలుసు. తొమ్మిది దాకా ఏం రాబోతున్నదో ఆ జనంలో నా ఒక్కదానికే తెలుసు. చివరికి అందరూ ఒక్కసారే వంగి, లేవలేక, తాళ్ళు తెగి, ఎర్ర చీర బొమ్మ తల దొర్లి మన బాపు కాళ్ళ దగ్గర పడింది.

లేచి చెప్పాలనే అనుకున్నాను. బాపు దేవ్యా వైపు చెయ్యి చూపిస్తున్నాడు. "ఆగండి, సర్దింది నేను" అంటే చాలు, మూడు మాటలు. మా అత్తగారు అక్కడే ఉన్నారు. జనగామ కోడలు ఇల్లు సర్దినట్టు ఎవరూ సర్దరని అంతకు ముందు రోజే మనవాళ్ళతో గొప్పగా చెప్పారు. ఆ పేరు పోతుందని ఊరుకున్నాను, సంజీవా. అంత చిన్న సంగతి కోసం. ధర్మా తలగుడ్డ తీస్తుంటే చూడలేక తల నొప్పి అని చెప్పి బండెక్కాను.

సోమ్లీ వచ్చిన రోజు కూడా గడపకు అటు ఆమె, ఇటు నేను. చెప్పవచ్చు. బియ్యం కొలిచి పెట్టాను.

జైలుకు రాసిన ఉత్తరంలో ఈ సర్దిన సంగతంతా గొప్పగా రాసుకున్నాను. అది నీకు అందలేదని నువ్వు రాసిన రోజు దేవుడి పటం ముందు దీపం పెట్టాను. ఆ దీపం గురించే నాకు ఎక్కువ సిగ్గు.

నేను టేకుమట్ల పోయి దేవ్యాకు చెబుతాను. నువ్వు తోడు వస్తావా?

అరుంధతి


భూపాలపల్లి,
26 ఆగస్టు 1983

అక్కా,

అక్కా అనే పిలుస్తాను. నువ్వు నన్ను తమ్ముడూ అంటావో లేదో.

నీ ఉత్తరం జైలులో నాకు అందింది. జూన్ ఆఖరున. వార్డరు చదివి, "కర్రల లెక్కలేందివయ్యా" అని నవ్వి ఇచ్చాడు. నేనూ నవ్వుకున్నాను. అక్క యంత్రాన్ని పోపుల డబ్బా చేసింది, పోయి మళ్ళీ పేర్చుకోవాలి అనుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలు జైలులో ఏ కబురు వింటామో అన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు. బయటికి వచ్చాక నాలుగు రోజుల తొందర. మరిచిపోయాను. ఇంతవరకు నమ్ము.

పండుగ పొద్దున పట్టీలు ఎక్కిస్తూ దేవ్యా, "సంజీవన్నా, నేను పెట్టిన గుర్తులు లేవు, జర ఆగు, చూసుకుందాం" అన్నాడు. ఆఫీసరు జీపు దిగుతున్నాడు. "అక్క అంకెలు వేసింది, ఎక్కించు" అన్నాను.

బొమ్మలు కదలకుండా నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది, నీకు గుర్తొచ్చినట్టే. ఆ జనంలో ఇద్దరికి తెలుసు అక్కా, ఒక్కరికి కాదు.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. ఆట మొదలు కాకముందు ఆ ఆఫీసరు కాగితం తీసి, తయారు చేసినవారి పేరు అని అడిగాడు. నేను రెండు పేర్లు చెప్పాను. ఒక గీత మీద రెండు పేర్లు పట్టవు, ఎవరిది ముందో తేల్చండి అన్నాడు. బాపు నా వైపు చూశాడు. ఆలోచన ఎవరిదని ఆఫీసరు మళ్ళీ అడిగితే దేవ్యాదని చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదు. పంచాయితీలో బాపు అతని మీద పడ్డప్పుడు, ఆ గీత నా ఒక్కడి పేరుకే ఖాళీ అవుతున్నదని నాకు అనిపించింది. అనిపించింది, అంతే. చాలు కదా.

నువ్వు ఉత్తరం అందిందా అని అడిగినప్పుడల్లా నీకు ఎక్కడ నొప్పో నాకు తెలుసు. అందింది అంటే నువ్వు నోరు విప్పుతావు. నువ్వు విప్పితే నేనూ విప్పాలి. అందలేదని రాసి, నీ తప్పు కింద నా తప్పు దాచుకున్నాను.

హైదరాబాదులో ఇంకొక ఆట కట్టమని అడిగారు. కోలాటం కట్టమన్నారు. బొమ్మలు చెక్కగలిగాను. మేకులు ఎక్కడ దించాలో ఆరు నెలలు చూసినా రాలేదు. ఆ బుర్ర అతనిది. అందుకే మానేశాను. జబ్బు చేసిందని అందరికీ చెప్పాను.

టేకుమట్ల వద్దు అక్కా. పద్నాలుగేళ్ళు గడిచాయి, అతడు స్థిరపడ్డాడు, ఇప్పుడు కెలికితే అందరికీ బాధే. బాపు ఇంట్లో ఉన్న పనిముట్ల పెట్టెను పేరు చెప్పకుండా లారీలో పంపిస్తాను. అంతటితో వదిలేద్దాం. నాకూ ఇద్దరు పిల్లలున్నారు.

సంజీవ


జనగామ,
12 సెప్టెంబరు 1983

తమ్ముడు సంజీవకు,

నువ్వు వద్దన్నావు. నేను పోయాను. హనుమకొండలో ఒక బస్సు, పరకాలలో ఒక బస్సు మారి, నీ ఊరి మీదుగానే పోయాను. భూపాలపల్లి స్టాండులో పది నిమిషాలు ఆగింది. దిగలేదు. కోపం కాదు. నిన్ను చూస్తే ఇద్దరమూ కలిసి వెనక్కు తిరుగుతామేమోనని.

దేవ్యా షెడ్డులో ఒక ఇంజను విప్పి గోనెపట్టా మీద భాగాలన్నీ పరిచి ఉంచాడు. అవి తొక్కకుండా చుట్టూ తిరిగి పోయి నిలబడ్డాను. గుర్తుపట్టాడు. మా ఇంట్లో పనిచేసినప్పుడు అక్కా అనేవాడు. మొన్న, "ఏం దొరసానీ, ఇంత దూరం" అన్నాడు. సోమ్లీ నీళ్ళు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చున్నది.

దారిలో మాటలు కూడబెట్టుకున్నాను కాని ఒక్కటీ రాలేదు. సర్దింది నేను, తుడిచింది నేను, చెప్పకుండా పోయింది నేను అని మాత్రం చెప్పాను. అతడు తుడుస్తున్న గుడ్డ ఆపలేదు. తుడిచిన భాగం పక్కన పెట్టి, "ఖాళీయి ముందట పెట్టినవా?" అని అడిగాడు. అవునన్నాను. "తొమ్మిది మేకులయి ఆఖరుకా?" అవునన్నాను.

అప్పుడు గుడ్డ కింద పెట్టాడు.

"పద్నాలుగేండ్ల సంది చూస్తున్న దొరసానీ, యాడ తప్పిందా అని. అంకెలు మన వరుసకే ఏసిన్రనుకొని ఆగమాగం ఎక్కించిన. పట్టీలు బరువైనయా, తొక్కుడు లూజైందా అని. పండుకుంటే గదే. మగ్గానికి నడుస్తది గాని బొమ్మలకు నడవదేమో, నా ఆలోచననే తప్పేమో అనుకున్న. పట్నంల సంజీవన్న యంత్రం నడిచిందంటే, సదువుకున్నోడు, నా తప్పు దిద్దుకున్నడు అనుకున్న. మళ్ళ ఒక్క బొమ్మ ముట్టలే."

సంజీవా, మనం అతని పెట్టె తీసుకున్నామని, పేరు తీసుకున్నామని అనుకున్నాము. అతడు తన తప్పే అనుకొని బతికాడు. మనం మోయాల్సిన బరువంతా తప్పు లేనివాడు మోశాడు. నాకు ఏడుపు వచ్చింది. సోమ్లీ, "ఏడ్వకు, నీ ఏడుపు ఎవలు ఓదార్చాలె" అన్నది. ఆపుకున్నాను.

నీ సంగతి కూడా చెప్పాను. ఉత్తరం నీకు అందిందని చెప్పాను. లారీ వెనక నువ్వు నిలబడ్డది ఆ రోజే చూశాడట.

క్షమించమని అడిగాను. ఆ మాటకు మాత్రం కోపం వచ్చింది. గొంతు పెంచలేదు. "నాకు చెప్తే ఏమొస్తది? నేను కావాలని చెడగొట్టలేదని నాకు ఎరుకనే. ఎరుక లేనిది దంతాలపల్లోళ్ళకు. మా బాపును గా బడి కాడ నిలబెట్టి తిట్టిన్రు. సచ్చేదాక గా ఊరి తొవ్వ తొక్కలే. గాడ చెప్పున్రి" అన్నాడు. పెట్టె గురించి అడిగితే, అది ఎక్కడున్నదో అక్కడే ఉండనీ అన్నాడు. కాబట్టి లారీలో పంపకు.

వచ్చే గురువారం దంతాలపల్లి అంగడి. తొమ్మిదిన్నరకు జనం బాగా ఉంటారు. బడి హెడ్మాస్టరుకు కార్డు రాశాను, వసారాలో కొంచెంసేపు మాట్లాడుకోవాలని. ఏం మాట్లాడాలని జవాబులో అడిగాడు, దసరా సంగతి అని రాశాను. మీ బావకు అంతా చెప్పాను. నాలుగు రోజులు తన అన్నం తానే వడ్డించుకొని తిన్నారు. ఈ పొద్దున, బస్సుకు కాదు, బండికి పోదాం, నేనూ వస్తాను అన్నారు.

అక్కడ నేను సర్దింది, దాచింది చెబుతాను. ఆలోచన దేవ్యాదని చెబుతాను. నీకు ఉత్తరం అందిన సంగతి, ఆ గీత మీద పేరు సంగతి నీ నోటితో నువ్వు చెప్పుకుంటే నాకు సంతోషం. నువ్వు రాకపోతే అది కూడా నేనే చెబుతాను. నీ ఇద్దరు పిల్లల గురించి రాశావు. నిజమే. సోమ్లీకి నలుగురు. పెద్దవాడు తండ్రి ఊరు ఏదని అడిగితే టేకుమట్ల అని చెబుతాడు.

నాకు భయంగానే ఉన్నది. అంతమందిలో ఎప్పుడూ మాట్లాడలేదు. రోజూ వంటింట్లో గట్టిగా ఒకసారి చెప్పి చూసుకుంటున్నాను. మొదటి మాట దగ్గరే ఆగి, మళ్ళీ మొదలుపెడుతున్నాను.

గురువారం అంగడినాడు బడి దగ్గర చెబుతానని అక్కడే మాట ఇచ్చాను; దేవ్యా వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. నేను లేచి వస్తుంటే మళ్ళీ ఇంజను మీదికి వంగాడు. సోమ్లీ మాత్రం రోడ్డు దాకా వచ్చి, దంతాలపల్లికి పొద్దుటి బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

నీ అక్క,
అరుంధతి